హాలువాళ్లు ఇచ్చే ఫొటో ప్యాకేజీ తీసుకోవచ్చా?

ఫంక్షన్ హాలు బుక్ చేసేటప్పుడే మేనేజరు చేతిలో పెట్టే ఫొటో, వీడియో ప్యాకేజీ గురించి ఈ సమీక్ష. చాలా హాళ్లకు సొంత టీమో, ఒప్పందం ఉన్న స్టూడియోనో ఉంటుంది. బయటివాళ్లను తెచ్చుకుంటే కొన్ని హాళ్లు విడిగా డబ్బు అడుగుతాయి. మనకు వినిపించే మాట ఒక్కటే: "మావాళ్లకు ఈ హాలు కొట్టిన పిండి."

ఆ మాటకు విలువ లేకపోలేదు. జనరేటర్‌కు మారేటప్పుడు ఏ ప్లగ్గులు ఆగిపోతాయో, పెళ్లికూతురి గదిలోకి వెలుగు ఎటునుంచి వస్తుందో వాళ్లకు ముందే తెలుసు. కానీ హాలు పాతదే అయినా మండపం ప్రతి పెళ్లికీ కొత్తదే. డెకరేషన్‌వాళ్లు మారతారు, స్తంభాల మధ్య ఎడం మారుతుంది, వెనక ఎల్‌ఈడీ గోడ వచ్చి చేరుతుంది. నిన్న కెమెరా పెట్టిన చోట ఇవాళ పూల స్టాండు ఉంటుంది.

అసలు గొడవంతా లైట్లతోనే. మండపం చుట్టూ పెట్టే పార్ లైట్లు (రంగులు మార్చే స్టేజీ లైట్లు) చాలాసార్లు వంగపండు రంగులో వెలుగుతుంటాయి. రంగుల పట్టుచీర మీద అది అంతగా తెలియదు. మధుపర్కాలు తెల్లబట్టలు కదా, ఏ వెలుగు పడితే ఆ రంగు పట్టేస్తాయి. ఎర్రంచు తెల్లచీర కాస్తా గులాబీ చీర అయిపోతుంది, బుగ్గల మీది పసుపు ఛాయ చచ్చిపోతుంది. ఆ వెలుగులో ఆకుపచ్చ భాగం దాదాపు ఉండదు కాబట్టి తర్వాత ఎంత దిద్దినా చర్మం రంగు సరిగ్గా రాదు. ముహూర్తానికి పది నిమిషాల ముందే వాటిని వెచ్చటి తెలుపుకు మార్పించాలి. ఆ మాట లైటింగ్ అబ్బాయికి చెప్పే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

రెండో సమస్య మిణుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకని చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం, అంటే ఫొటోకు కెమెరా తెర తెరిచి ఉండే సమయం, సెకనులో 1/50, 1/100 వంతు దగ్గర ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. 1/500కు పెంచితే ఫొటోలో అడ్డచారలు వస్తాయి. తలంబ్రాల దగ్గర ఇది బయటపడుతుంది, ఎందుకంటే గింజలు గాల్లో ఆగినట్టు పట్టడానికి చాలామంది షట్టర్ పెంచుతారు. పని తెలిసినవాళ్లు షట్టర్ 1/100లోనే ఉంచి, మండపం వెలుగును కాస్త తగ్గించి, పక్కనుంచి ఫ్లాష్ కొడతారు. గింజను ఆపేది ఆ మెరుపే. హోమం దగ్గరా అంతే: కెమెరా మీది ఫ్లాష్ ఎదురుగా కొడితే పొగే తెల్లగా వెలిగి ముఖాలను మింగేస్తుంది.

ఇవన్నీ తెలియడానికి అదే హాల్లో యాభై పెళ్లిళ్లు తీయక్కర్లేదు. ముహూర్తం వేళకే, అంటే రాత్రి పెళ్లయితే రాత్రే, ఒక గంట వెళ్లి చూసివస్తే హాలు సంగతి తెలుస్తుంది. డెకరేషన్ పూర్తయ్యాక లైట్లన్నీ వేయించి, మూడు షట్టర్ వేగాల్లో నాలుగైదు ఫొటోలు తీసి చూసుకుంటే చాలు.

గంటలో రానిది క్రతువు తెలియడం. జీలకర్ర-బెల్లం వేళకు వధూవరులు ఎదురెదురుగా, మధ్యలో అడ్డతెర. ఇద్దరి ముఖాలూ, తలల మీది చేతులూ ఒకే ఫ్రేములో రావాలంటే తెర అంచుకు సూటిగా, పక్కన ఉండాలి. తెర దిగగానే చూపులు కలిసేది ఒక్క క్షణం. మాంగల్యధారణకు ఒక కెమెరా వధువు ముఖానికి, మరొకటి మెడ వెనక ముడులకు. గట్టిమేళం వినపడ్డాక పరిగెత్తేవాడికి అక్షతలు వేసే చుట్టాల వీపులే దొరుకుతాయి. తెలిసినవాడు పురోహితుడి చెయ్యి చూస్తుంటాడు, మేళగాళ్లకు సైగ వెళ్లేది అక్కణ్నించే. ఇంటింటికీ ఆచారం మారుతుంది కాబట్టి, ముందురోజే పంతులుగారికి ఫోన్ చేసి వరస రాసుకునే ఫొటోగ్రాఫర్‌కు పది మార్కులు ఎక్కువ వేయొచ్చు.

గుళ్లో పెళ్లి సంగతి వేరు, అక్కడ స్థలం తెలిసినవాళ్లనే పెట్టుకోండి. తిరుమల ఆలయంలోకి కెమెరా తీసుకెళ్లనివ్వరు. అన్నవరంలో మంచి ముహూర్తానికి ఒకేసారి ఎన్నో పెళ్లిళ్లు జరుగుతాయి, జనంలో నిలబడే చోటు దొరకడమే కష్టం. శంషాబాద్ వైపు కన్వెన్షన్ హాళ్లలో డ్రోన్ అంటే విమానాశ్రయం చుట్టూ ఉండే రెడ్, ఎల్లో జోన్లలో (అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని ప్రాంతాలు) ఎగరేయడానికి అనుమతి ఉందో లేదో అడగాలి.

కాబట్టి హాలు ప్యాకేజీకి మా రేటింగ్ ఐదుకు రెండున్నర. ధర నచ్చినా రీల్స్ చూసి ఒప్పుకోకండి. అదే హాల్లో తీసిన ఒక రాత్రి ముహూర్తం పెళ్లి, మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో దాకా చూపించమనండి. అందులో మధుపర్కాల రంగు, ముడుల ఫొటో, తెర దిగిన క్షణం వెతకండి. మూడూ బాగుంటే, ఆ పెళ్లి తీసినవాళ్లే మీ పెళ్లికీ వస్తారని పేర్లతో సహా రాయించుకోండి. స్టూడియో పేరు ఒకటై, ముహూర్తాల రద్దీలో వచ్చేది వేరే కుర్రాళ్లవడం మామూలే. ఒక మండపానికి ఫొటోకు ఇద్దరు, వీడియోకు ఇద్దరు సరిపోతారు. అంతకు మించితే ఒకరి ఫ్రేములో ఒకరు పడతారు.

12×36 అంగుళాల ఆల్బంలో షీట్లు ఎన్నో, అదనపు షీటుకు ఎంతో కూడా కాగితం మీద ఉండాలి. ఒక కార్డు పాడైనా ఫొటోలు మిగిలేలా కెమెరాకు రెండు మెమరీ కార్డు స్లాట్లు ఉన్నాయా అని అడగండి. అప్పగింతలయ్యాక టీము సామాను సర్దేలోపే కార్డులన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అవ్వాలి, అందులో ఒకటి మీ ఇంట్లో ఉండాలి.