సముద్రంలో సూర్యాస్తమయం చూపిస్తామనే వారితో జాగ్రత్త

పని ఒత్తిడితో అలసిపోయి, నాలుగు రోజులు ఒంటరిగా సముద్రపు ఒడ్డున ఉండి వద్దామని గదులు వెతుకుతున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఒంగోలుకూ కావలికీ మధ్య తీరంలో అయిదు రాత్రుల ‘మౌన విశ్రాంతి’ అని అమ్ముతున్న ఒక ప్యాకేజీకి 21,500 రూపాయలు కట్టి, రెండు రాత్రులు మాత్రం ఉండి బయటపడ్డాను. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా వాళ్లకు పేరు మార్చుకోవడం ఒక పూట పని, పద్ధతి మాత్రం మారదు. అందుకే పద్ధతి గురించే రాస్తున్నాను.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. మాది కావలి. తుమ్మలపెంట సముద్రం చూస్తూ పెరిగినదాన్ని. మా తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, వెనక పొలాల మీదుగా వాలిపోతాడు. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. ఆ ప్రకటనలో మొదటి బొమ్మే నారింజ రంగు సముద్రంలోకి దిగిపోతున్న సూర్యుడు. దాని కింద, ప్రతి సాయంత్రం మీ గది గుమ్మంలో కూర్చునే ఈ దృశ్యం చూడవచ్చని రాసి ఉంది. ఆ బొమ్మను నేను కనీసం పదిసార్లు చూసి ఉంటాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. అప్పటికి నా బుర్ర అలా ఉంది.

హైదరాబాదులో ఒక సంస్థలో అప్పుల వసూళ్ల విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. చివరి ఎనిమిది నెలల్లో ఒకే ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివినా అర్థమయ్యేది కాదు. ఉదయం స్కూటీ నిలిపాక హెల్మెట్ తీయకుండా అక్కడే పావుగంట కూర్చునేదాన్ని. దీన్నే బర్నవుట్ అంటారనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో దీన్ని రోగంగా కాక, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా చేర్చిందనీ డాక్టరు చెప్పారు. రెండు వారాలు సెలవు పెట్టమన్నారు. పుట్టింటికి వెళ్లవచ్చు కానీ, అమ్మ ముందు కూర్చుంటే ‘ఇలా చిక్కిపోయావేమిటి’ దగ్గర మొదలై ఎక్కడికో పోతుంది. అందుకే ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న చోట, ఇంట్లో చెప్పకుండా గది తీసుకున్నాను.

ఫోనులో మాట్లాడిన అమ్మాయి గొంతు చాలా మెత్తగా ఉంది. “మీరు ఇక దేని గురించీ ఆలోచించకండి మేడమ్, అన్నీ మేం చూసుకుంటాం” అంది. ఎనిమిది నెలలుగా నాతో ఎవరూ ఆ మాట అనలేదు. ఆ ఒక్క మాటకు మొత్తం డబ్బు ముందే పంపేశాను. సంస్థ ఖాతాకు కాదు, ఎవరో వ్యక్తి పేరున ఉన్న ఫోను నంబరుకు. రసీదు అడగలేదు. బయానా ఇచ్చి మిగతాది వచ్చాక కడతానని కూడా అనలేదు. మామూలు రోజుల్లో కూరగాయల బండి దగ్గర కొసరు కొత్తిమీర పడేదాకా కదలనిదాన్ని నేను. వాళ్ల వ్యాపారం సాగేది ఇక్కడే. అలసిపోయిన మనిషి వివరాలు అడగడు, బేరం ఆడడు, మోసపోయానని తెలిశాక తగవు పెట్టుకునే ఓపిక కూడా ఉండదు. ఇలాంటి మనుషుల కోసమే తయారు చేసిన ప్రకటన అది.

శనివారం సాయంత్రం సింగరాయకొండలో రైలు దిగాను. స్టేషనుకు బండి పంపుతామన్నారు, పంపలేదు. ఆటోకు 500 అయింది. జాతీయ రహదారి దాటి తూర్పుగా వెళ్లగా వెళ్లగా ఒక ఇనుప గేటు, లోపల రేకుల కప్పుతో ఆరు గదులు, వాటి మీద అలంకారానికి పరిచిన తాటాకు. సముద్రం ఏదని అడిగాను. కాపలా ఉన్న పెద్దాయన చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి చూపిన దిక్కులో మొదట రొయ్యల చెరువులు, వాటి తర్వాత బకింగ్‌హామ్ కాలువ, అవతల సరుగుడు తోట. సముద్రం దాని వెనక ఎక్కడో ఉంది. కాలువ మీద వంతెన దగ్గరకు చుట్టూ తిరిగి వెళ్లాలి, నడిస్తే నలభై నిమిషాలు. ప్రకటనలో ‘అడుగుల దూరం’ అని రాశారు. ఎన్ని అడుగులో రాయలేదు కాబట్టి అబద్ధం కూడా కాదేమో.

అసలు కథ చీకటి పడ్డాక మొదలైంది. తొమ్మిది దాటేసరికి చెరువుల్లో ఏరియేటర్లు వేశారు. చూడనివారికి చెబుతున్నాను, ఇవి నీటి మీద తేలుతూ తిరిగే రెక్కల చక్రాలు. ఒక్కదాని చప్పుడు దూరం నుంచి వానలా బాగానే ఉంటుంది. నా కిటికీకి ఇరవై గజాల్లో పద్నాలుగు ఉన్నాయి. వంద మంది చేటలతో నీళ్లను కొడుతున్నట్టు ఉంది. ఎప్పుడు ఆపుతారని పెద్దాయనను అడిగితే నవ్వాడు.

“తెల్లవారితేగానీ ఆపరమ్మా. రాత్రిపూటే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. నాలుగింటికి ఆపారంటే తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలుతుంది.”

ఆయన చెప్పింది నిజమే. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్ని వేళలకంటే తక్కువగా ఉంటుంది. అంటే మనుషులు నిద్రపోవలసిన వేళలోనే ఆ చక్రాలు తిరిగితీరాలి. రైతును ఏమీ అనడానికి లేదు, అది ఆయన బతుకు. ఆ చెరువు గట్టు పక్కన నిశ్శబ్దాన్ని గదుల లెక్కన అమ్మినవాడిని అనాలి. అర్ధరాత్రి కరెంటు పోయింది. హమ్మయ్య అనుకునేలోపు డీజిల్ జనరేటర్ అందుకుంది.

మీరు నెల్లూరు, ప్రకాశం తీరంలో ఎక్కడ గది చూసుకున్నా ముందుగా ఉపగ్రహ పటం తెరిచి ఆ చోటును పెద్దది చేసి చూడండి. పలకలు పేర్చినట్టు నలుచదరపు గళ్లు వరుసగా కనిపిస్తే అవి రొయ్యల చెరువులే. తెల్లగా మెరుస్తుంటే ఉప్పు మళ్లు కావచ్చు, వాటితో గొడవ లేదు. రామాయపట్నం, కృష్ణపట్నం ఓడరేవుల వైపు వెళ్లే రోడ్డు పక్కనైతే లారీల రాకపోకల గురించి కూడా అడగండి.

చప్పుడు ఒక్కటే అయితే దూది పెట్టుకుని పడుకునేదాన్ని. రాగానే నా ఫోను తీసుకున్నారు. అయిదు రోజులు ఫోను లేకుండా ఉండటం చికిత్సలో భాగమట. నాకూ సబబుగానే తోచి ఇచ్చేశాను. నేను మాత్రమే ఉన్న ఆ ఆరు గదుల ప్రాంగణంలో, నా గది తలుపుకు లోపలి గడియ సగం ఊడి ఉందని పది గంటలకు గమనించాను. ఫోను ఇవ్వమని అడిగితే, పెట్టె తాళం చెవి ఒంగోలులో సారు దగ్గర ఉందన్నారు. ఇంట్లో ఎవరికీ నేను ఎక్కడున్నానో తెలియదు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, దాని మీద నా పెట్టె పెట్టి, ఆ పెట్టె మీద స్టీలు గ్లాసు బోర్లించాను, ఎవరైనా తోస్తే పడి మోగుతుందని. గ్లాసు వైపు చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఆ పెద్దాయన నాకు కాపలాగానే వరండాలో పడుకున్నాడని పొద్దున తెలిసింది. అయినా చెబుతున్నాను, ఒంటరిగా వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఏ కారణం చెప్పినా సరే ఫోను ఎవరి చేతికీ ఇవ్వకండి. విశ్రాంతి కావాలంటే మనమే ఆపుకుని సంచిలో పెట్టుకోవచ్చు.

మర్నాడు ఆదివారం, అందులోనూ కార్తీకం. ఈ జిల్లాల్లో కార్తీక ఆదివారాలకు సముద్ర స్నానాలు, తోటల్లో వనభోజనాలు ఎంత జోరుగా ఉంటాయో ఇక్కడ పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? పదింటికల్లా పక్క తోటలోకి మూడు బస్సులు దిగాయి. మైకులో పాటలు, ఆ తర్వాత తంబోలా. “నలభై ఏడు... నాలుగూ ఏడూ నలభై ఏడు” అని సాయంత్రం దాకా నా మౌన విశ్రాంతి సాగింది. వచ్చినవాళ్ల తప్పేమీ లేదు, పండగ చేసుకున్నారు. ఆ తేదీలకు నిశ్శబ్దం దొరకదని అమ్మినవాళ్లకు తెలుసు, నాకు చెప్పలేదు. ఈ తీరానికి కార్తీకం తగదు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, నెల్లూరు వైపు వానలూ వాయుగుండాలూ అప్పుడే. సంక్రాంతి జనం తగ్గాక, జనవరి చివర నుంచి ఫిబ్రవరిలో, వారం మధ్య రోజుల్లో వెళ్తే వేరుగా ఉంటుంది.

ప్యాకేజీలో ‘అనుభవం గల కౌన్సెలర్‌తో రోజుకు గంట’ అని ఉంది. వచ్చిన కుర్రాడికి ఇరవై రెండేళ్లు కూడా ఉండవు. ఫోనులో ఎవరివో మాటలు పెట్టి కళ్లు మూసుకోమన్నాడు. ఏం చదివావు బాబూ అని అడిగితే, హోటల్ మేనేజ్‌మెంట్ అని నిజాయితీగా చెప్పాడు. అతని మీద కోపం రాలేదు. కానీ నిజంగా దిగులు కమ్ముకుని, చచ్చిపోవాలన్న ఆలోచనల్లో ఉన్న మనిషిని ఆ చాప మీద కూర్చోబెడితే ఏమిటి గతి? అలాంటి స్థితిలో ఉన్నవారు గదుల కోసం వెతకకండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి. రాత్రిపగలూ పలికే ప్రభుత్వ ఉచిత సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు.

న్యాయానికి ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆదివారం రాత్రి పెద్దాయన తన ఇంటి నుంచి చేపల పులుసు తెచ్చాడు. మట్టి దాకలో, మామిడికాయ ముక్కలు వేసి, పొద్దున చేసి రాత్రికి ఊరిన పులుసు. వాళ్ల వంటగదిలో ఇచ్చిన చప్పిడి సూపు పక్కన పెట్టి రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను. ఆ రెండు రోజుల్లో నాకు జరిగిన చికిత్స అదొక్కటే, దానికి ఆయన డబ్బు తీసుకోలేదు.

సోమవారం ఉదయం ‘సారు’ వచ్చాడు, ఫోను వచ్చింది. మిగిలిన మూడు రాత్రుల డబ్బు అడిగాను. నేను వచ్చిన రోజు సంతకం పెట్టిన కాగితం చూపించాడు. రైలు బడలికలో చదవకుండా పెట్టిన సంతకం. డబ్బు వాపసు లేదు, కావాలంటే వచ్చే ఏడాది మళ్లీ రావచ్చట. మళ్లీ! మాట పెంచలేదు. గడియ, కిటికీ, చెరువులు, గది నుంచి కాలువ దాకా దారి, అన్నీ ఫోనులో తీసుకున్నాను. వాళ్ల ప్రకటన తెరను కూడా భద్రం చేసుకున్నాను, తర్వాత మార్చేస్తారు కాబట్టి. బస్సెక్కి కావలి వచ్చేశాను. అమ్మ ఏమీ అడగలేదు. అడుగుతుందని అనవసరంగా భయపడ్డాను.

కాగితం మీద సంతకం పెట్టాం కదా, ఇంకేం చేయగలం అని ఊరుకోకండి. లేని సౌకర్యం ఉన్నట్టు ప్రకటించి డబ్బు తీసుకోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అడగవచ్చు. మొదట జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఒంగోలు దాకా తిరగాల్సిన పని లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, రెండేళ్ల లోపు వేయాలి. డబ్బు తీసుకుని అసలు గదే లేదని తేలితే అది వేరే సంగతి, అది సైబర్ నేరం. ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పాలి.

ఇక వెళ్లేవారికి నా సలహా ఒకటే: మీ ఓపిక మీద నమ్మకం పెట్టుకోకండి. గది మాట్లాడే పని తమ్ముడికో, తగువులమారి స్నేహితురాలికో అప్పజెప్పండి. వాళ్లు గుమ్మంలో నిలబడి వీడియోలో సముద్రం చూపించమంటారు. రాత్రి పదింటికి ఒకసారి ఫోను చేసి వెనక చప్పుడు వింటారు. సగం డబ్బు వచ్చాకే అంటారు. ఇవన్నీ నేను బాగున్నప్పుడు ఇతరుల కోసం చేసినవే.

ఆ వారం మిగిలిన రోజులు అమ్మావాళ్లింట్లోనే ఉన్నాను. పొద్దున్నే తుమ్మలపెంట వెళ్లేదాన్ని. బుధ, గురువారాల్లో పడవలవాళ్లు తప్ప మనిషి లేడు. వలలు దులుపుతుంటే ఇసుకలో పడిన చిన్న చేపల కోసం కాకులు దిగేవి. మునగడానికి మాత్రం వెళ్లలేదు. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఒంటరిగా ఉన్నప్పుడు చీలమండ లోతు దాటకూడదని నాన్న పెట్టిన నియమం.

1915 నంబరుకు ఫిర్యాదు చేసిన పదకొండో రోజున 6,000 రూపాయలు వెనక్కి వేసి, ఫిర్యాదు ఉపసంహరించుకోమని ఆ మెత్తటి గొంతు ఫోను చేసింది. మిగతాది వచ్చాక చూద్దామన్నాను. నిన్న వాళ్ల ప్రకటన మళ్లీ కనిపించింది. ధర వెయ్యి పెంచారు. సూర్యుడు ఇంకా సముద్రంలోనే అస్తమిస్తున్నాడు.