ముద్ర లోన్ ఏజెంట్లతో జాగ్రత్త, ముఖ్యంగా సబ్ కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో వైరింగ్, ప్లంబింగ్, టైల్స్, సెంట్రింగ్ పనులు సబ్ కాంట్రాక్టుకు పట్టి చేసేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. గవర్నర్‌పేటలోని ఒక లోన్ కన్సల్టెన్సీ నా దగ్గర 18,000 రూపాయలు తీసుకుంది. లోన్ రాలేదు సరికదా, నా పేరు మీద తప్పుడు కాగితాలు మిగిలాయి.

నాది వైరింగ్ పని. మెయిన్ కాంట్రాక్టర్ బిల్లు చేతికొచ్చేసరికి నెలో రెండు నెలలో పడుతుంది. ఈలోపు కుర్రాళ్ళకు శనివారం వచ్చేసరికి కూలీ ఇవ్వాల్సిందే. అందుకని 4 లక్షల ముద్ర లోన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులు ఇచ్చేది) కావాలని అడిగితే ఆ కన్సల్టెన్సీ ఆయన మొదట్లోనే ఒక మెలిక పెట్టాడు: "సబ్ కాంట్రాక్టర్లకు ముద్ర ఇవ్వరండీ, మీరు ఇంకొకరి కింద పనివాళ్ళ లెక్క. మిమ్మల్ని ఎలక్ట్రికల్ షాపు ఓనర్‌గా చూపిస్తాం, పని అయిపోద్ది."

ఈ మాట పచ్చి అబద్ధం. తర్వాత తీసుకున్న ప్రతి ఫీజూ దీని మీద కట్టిందే. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకం తయారీకి, వ్యాపారానికి, సేవలకు మూడింటికీ వర్తిస్తుంది. పని మన పూచీ మీద పట్టుకుని, మన మనుషులతో చేయించి, బిల్లు పెట్టి డబ్బు తీసుకుంటున్నామంటే అది సేవల కిందికి వచ్చే సొంత వ్యాపారమే. నెలజీతం మీద పనిచేసేవాళ్ళ సంగతి వేరు.

ఇక ఆయన చేసిన పనులు చూడండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేయడానికి, 2,500 తీసుకున్నాడు. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో పూర్తిగా ఉచితం. పైగా అందులో నా పని చిల్లర వ్యాపారం అని వేశాడు. వైరింగ్ పనికి అందులో విడిగా కోడ్ ఉంది. తర్వాత లేని షాపు పేరుతో ఆదాయం పెంచి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయించాడు, ఎవరో డీలర్ దగ్గర సరుకు కొటేషన్ తెచ్చిపెట్టాడు.

బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుకు ఇదంతా పట్టుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నా 26ఏఎస్‌లో (మన పాన్ మీద కట్టిన పన్నులు చూపే కాగితం) మెయిన్ కాంట్రాక్టర్ బిల్లులోంచి ముందే పన్నుగా కోసిన ఒక శాతం టీడీఎస్ కనిపిస్తోంది, అది కాంట్రాక్టు పనికి కోసేది. కాగితాల్లో మాత్రం షాపు ఉంది. షాపు చూపించమన్నారు. అంతే, అప్లికేషన్ వెనక్కి వచ్చింది. నిజం కాగితాలు పెట్టుంటే ఆ టీడీఎస్సే నాకు పెద్ద రుజువు అయ్యేదని ఆ ఆఫీసరే అన్నారు. ఏజెంటు రాసినా సంతకం మనది, జవాబు చెప్పాల్సిందీ మనమే.

ఇంకోటి, నాకు చెప్పకుండానే నా పాన్ నంబరు నాలుగైదు ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలకు పంపాడు. ఆ ఎంక్వైరీలన్నీ నా అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఎక్కి స్కోరు తగ్గింది. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది, ఎవరికైనా పాన్ ఇచ్చి ఉంటే వెంటనే తీసి చూసుకోండి.

ఆయన నోట వచ్చిన మరికొన్ని మాటలు మీరూ వినే ఉంటారు. "35 శాతం సబ్సిడీ వస్తుంది" అన్నాడు. ముద్రలో సబ్సిడీ అనేదే లేదు. ఆ 35 శాతం పీఎంఈజీపీ అనే వేరే కేంద్ర పథకంలోది, అది కూడా గ్రామాల్లో కొన్ని వర్గాలవాళ్ళు కొత్త యూనిట్ పెడితేనే. "గవర్నమెంటు గ్యారంటీ, కట్టకపోయినా ఏం కాదు" అన్నాడు. ఆ గ్యారంటీ బ్యాంకుకు, మనకు కాదు; మన బాకీ మన మీదే ఉంటుంది. "విశ్వకర్మ కూడా ఇప్పిస్తా" అన్నాడు. అది చేతివృత్తులవాళ్ళ పథకం, అందులో ఉన్న 18 వృత్తుల్లో తాపీమేస్త్రీ, వడ్రంగి ఉన్నారు గానీ ఎలక్ట్రీషియన్ లేడు.

ముద్రకు ఏజెంట్లు లేరని ఆ సంస్థే చెబుతోంది. లోన్ ఇచ్చేది బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు. నేరుగా బ్రాంచికి వెళ్ళొచ్చు, లేదా ప్రభుత్వ లోన్ల వెబ్‌సైటు జన్‌సమర్థ్ పోర్టల్‌లో పెట్టొచ్చు. 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్. 10 లక్షల లోపు తాకట్టు అడగకూడదు. అలాగని అర్హత ఉంటే లోన్ వచ్చేసినట్టే కాదు. మేనేజరు చూసేది మన ఖాతాలో డబ్బు తిరుగుతోందా అని. మనవాళ్ళలో సగం మంది బిల్లు నగదుగా తీసుకుంటారు, అసలు చిక్కు అక్కడే వస్తోంది. మెయిన్ కాంట్రాక్టర్‌ను అడిగి డబ్బు ఖాతాలో వేయించుకోండి. వర్క్ ఆర్డరు కాగితం మీద తీసుకోండి, ఒక పేజీ ఉన్నా చాలు. టీడీఎస్ కోస్తే కోసినట్టు సర్టిఫికెట్ అడగండి, ఇవ్వడం వాళ్ళ బాధ్యత, మొహమాటం అక్కర్లేదు.

నేను ఉద్యమ్‌లో కోడ్ మార్చుకున్నాను, దానికీ పైసా ఖర్చు లేదు. ఆడిటర్‌తో రిటర్న్ సరిచేయించి మళ్ళీ అప్లై చేయబోతున్నాను. ఫోన్‌పేలో కట్టిన డబ్బు గురించి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాను. కన్సల్టెన్సీ ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. గవర్నర్‌పేటలో ఇలాగే "షాపు ఓనర్‌గా చూపిస్తాం" అన్నవాళ్ళకు డబ్బు కట్టినవాళ్ళు ఇంకా ఉంటే రసీదులు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి. అందరం కలిసి పోలీస్ స్టేషన్‌లో ఒకే ఫిర్యాదు ఇద్దాం.