ఫిస్టులా సూది నొప్పికి: మత్తు క్రీమా, ఊపిరి సాధనా?

డయాలసిస్‌కి వెళ్లిన ప్రతిసారీ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ధమనిని, సిరను కలిపిన చోటు) ఉన్న చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. వారానికి రెండు మూడుసార్లు ఇదే. కోనసీమ పల్లెల నుంచి అమలాపురమో కాకినాడో వెళ్లేవాళ్లకు బస్సెక్కినప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమ్ చర్మాన్ని మొద్దుబారుస్తుంది. గంట ముందే రాసి, పైన ప్లాస్టిక్ కప్పాలి. ఇంట్లోనే రాసుకుని బయల్దేరొచ్చు గానీ, గుచ్చే చోటు ముందే తెలిసుండాలి. సూదికి ముందు ఆ చేతిని సబ్బుతో శుభ్రంగా కడగాలి. కొందరికి దద్దుర్లొస్తాయి. ప్రతిసారీ కొనాలంటే ఖర్చే.

ఊపిరికి ఖర్చు లేదు. రెండు మూడు నిమిషాల ముందు నుంచి ముక్కుతో నెమ్మదిగా పీల్చి, ఇంకా నెమ్మదిగా నోటితో వదలాలి. గాలి వదిలేటప్పుడే గుచ్చమని సిస్టర్ గారిని అడగండి. ఊపిరి బిగబట్టొద్దు. చర్మం మొద్దుబారదు, నిజమే. భయం తగ్గితే నొప్పీ తక్కువగా తెలుస్తుంది. ఒంట్లో నీరు చేరి ఆయాసపడేవాళ్లను మాత్రం బలవంతపెట్టకండి, ముందు ఆ ఆయాసం సంగతి డాక్టరుకు చెప్పండి.

నేనైతే ఊపిరితోనే మొదలుపెట్టమంటాను. సూదంటేనే వణికిపోయే కొత్తవాళ్లకు డాక్టరు గారినడిగి క్రీమ్ కూడా తోడు చేయండి. రెండూ కలిపి వాడుకోవచ్చు.