ఎస్‌ఈఎమ్మా, టీఈఎమ్మా: మీ శాంపిల్‌కి ఏది మేలు?

టీఈఎం (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) 0.2 నానోమీటర్ల దాకా చూపిస్తుంది, మంచి ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) 1 నానోమీటరు దగ్గర ఆగుతుంది. ఈ అంకెలు చూసి టీఈఎంకి పరిగెత్తకండి. మీకు కావలసింది శాంపిల్ పైన ఉందా, లోపల ఉందా అన్నది ముందు తేల్చుకోండి.

ఎస్‌ఈఎంలో 1–30 కిలోవోల్టుల సన్నటి ఎలక్ట్రాన్ పుంజం ఉపరితలం మీద వరుసగా తిరుగుతుంది. పైనున్న కొద్ది నానోమీటర్ల నుంచి పుంజం తాకిడికి ఎగిరొచ్చే సెకండరీ ఎలక్ట్రాన్లతో బొమ్మ తయారవుతుంది. విరిగిన లోహమైనా, పుప్పొడైనా కార్బన్ టేపుతో స్టబ్‌కి (శాంపిల్ నిలిపే చిన్న లోహపు దిమ్మెకి) అంటిస్తే చాలు. కరెంటు పారని వాటికి మాత్రం 5–10 నానోమీటర్ల బంగారు పూత వేయాలి. పూత వేశాక కూడా అంచులు తెల్లగా మెరిసి, బొమ్మ పక్కకి జారుతోందంటే చార్జింగే, అంటే ఎలక్ట్రాన్ల చార్జి పోయే దారిలేక పేరుకోవడమే. చాలాసార్లు తప్పు పూతది కాదు. ముక్క పక్కలకి పూత పట్టక, పైనున్న చార్జి దిగడానికి దారి ఉండదు. పై నుంచి స్టబ్ దాకా సిల్వర్ పేస్టుతో ఒక గీత గీయండి. అప్పటికీ ఆగకపోతే కిలోవోల్టులు దించండి.

టీఈఎంలో ఎలక్ట్రాన్లు శాంపిల్‌ గుండా దూసుకుపోవాలి. అందుకే మందం 100 నానోమీటర్ల లోపు ఉండాలి. అసలు కష్టం అక్కడే. కణజాలాన్ని రూపం చెదరకుండా గ్లూటరాల్డిహైడ్‌లో, ఆస్మియం టెట్రాక్సైడ్‌లో ఉంచి, ఆల్కహాల్‌తో నీరు తీసి, రెజిన్‌లో గట్టిపరచి, డైమండ్ నైఫ్‌తో కోయాలి. నీటి మీద తేలే సెక్షన్ (కోసిన పల్చటి పొర) వెండి రంగులో ఉంటే మందం సరిపోయినట్టు. ఊదా, నీలం కనిపిస్తే మందమెక్కువ, పారేయండి. 3 మిల్లీమీటర్ల గ్రిడ్ (సెక్షన్‌ని మోసే సన్నటి లోహపు జల్లెడ) మీదికి ఎత్తాక లెడ్ సిట్రేట్ రంగు పడుతున్నంతసేపూ దాని మీద ఊపిరి వదలకండి! కార్బన్ డయాక్సైడ్ తగిలితే లెడ్ కార్బొనేట్ నల్లచుక్కలై దిగుతుంది. పక్కన సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు పెట్టేది అందుకే.

100 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0037 నానోమీటర్లే. అయినా మామూలు టీఈఎం 0.2 దగ్గరే ఆగిపోవడానికి కారణం అయస్కాంత కటకాల గోళీయ దోషం, అంటే అంచు గుండా, మధ్య గుండా వెళ్ళిన ఎలక్ట్రాన్లు ఒకే బిందువులో కలవకపోవడం. దాన్ని సరిచేసే కరెక్టర్ ఉన్నవి 0.1 కంటే కిందకి వెళ్తాయి.

రెండింటికీ వాక్యూమ్ కావాలి కాబట్టి తడి శాంపిల్ మామూలు పద్ధతిలో కుదరదు. పుంజం తాకిడికి పాలిమర్లు రెండింట్లోనూ దెబ్బతింటాయి.

ఏది వాడాలో తేలకపోతే ఎస్‌ఈఎంతో మొదలుపెట్టడమే మేలు. కణంలోని పొరలు గానీ, స్ఫటికంలోని పరమాణు వరుసలు గానీ చూడాలంటే టీఈఎం తప్పదు. అప్పుడు కూడా ఎస్‌ఈఎంకి స్టెమ్ డిటెక్టర్ (శాంపిల్ గుండా దాటొచ్చిన ఎలక్ట్రాన్లని పట్టేది) ఉంటే అదే గ్రిడ్‌ని ముందు 30 కిలోవోల్టుల దగ్గర చూసుకోండి. చిరిగిన సెక్షన్లు అక్కడే దొరికిపోతాయి.