ఆత్మహత్యతో ఆప్తులను కోల్పోయినవారి బృందం: నాలుగేళ్ల తర్వాత నా అభిప్రాయం

మా తమ్ముడు పోయిన ఏడు నెలలకు మొదటిసారి ఈ సహాయ బృందానికి వెళ్లాను. అప్పటిదాకా అడిగినవారందరికీ గుండెపోటు అని చెప్పేవాళ్లం. ఆ రోజు వలయంగా కూర్చున్న పన్నెండు మంది ముందు "మా తమ్ముడు ఆత్మహత్యతో చనిపోయాడు" అన్నాను. ఎవరూ ఉలిక్కిపడలేదు, ఎందుకని అడగలేదు. పక్కనున్న ఆవిడ మాత్రం "తమ్ముడి పేరేమిటి?" అన్నారు. ఏడు నెలల్లో వాడి పేరు అడిగినవారు ఆవిడ ఒక్కరే.

అక్కడ "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అనరు. నేరానికి పాల్పడ్డాడు, దోపిడీకి పాల్పడ్డాడు అని రాసే మాటే అది. వార్తల్లో రోజూ చదివే ఆ క్రియ మా వాడి మీద ఎంత బరువు మోపిందో అప్పుడే గమనించాను.

నడిపించేవారు వైద్యులు కారు. తామూ ఇలాగే ఒకరిని పోగొట్టుకుని, తర్వాత శిక్షణ పొందినవారు. విన్నది బయటికి పోకూడదు, మరణం జరిగిన తీరు వర్ణించకూడదు, సలహాలివ్వకూడదు. మాట్లాడక తప్పదన్న నియమం లేదు. ఒకాయన ఏడాదిపాటు ఊరికే వచ్చి కూర్చుని వెళ్లారు.

తమ్ముడు పోయిన రాత్రి వాడి ఫోను ఎత్తలేదన్న బాధ నన్ను తొలిచేస్తూ ఉండేది. ఒక తల్లి మాత్రం చివరి రాత్రి కొడుకుతో గంటసేపు మాట్లాడారట. "అంతసేపు మాట్లాడి కూడా కనిపెట్టలేకపోయాను" అని కుమిలిపోతున్నారు. ఎత్తనందుకు నేను, ఎత్తినందుకు ఆమె! బంధువుల ఓదార్పులేవీ కదిలించలేని ముడి ఆమె మాటతో కొంచెం వదులైంది.

లోపాలు లేకపోలేదు. తల్లిదండ్రులు, జీవిత భాగస్వాములు, తోబుట్టువులు అందరూ ఒకే వలయంలో ఉంటారు. తోబుట్టువుల దుఃఖం ఎప్పుడూ వెనక వరుసలోనే మిగిలిపోతుంది. మూడో ఏడాది నడిపించేవారు మారినప్పుడు నియమాలు సడలాయి. ఒకరు మరణాన్ని వివరంగా చెప్పారు, వారం రోజులు నాకు నిద్ర లేదు. అదే గట్టిగా చెప్పాక సరిదిద్దారు. ఆప్తులు పోయి కొద్ది రోజులే అయినవారు ముందుగా నడిపించేవారితో విడిగా మాట్లాడి రావడం మేలు.

ఇది వైద్యానికి బదులు కాదు. ఇలాంటి నష్టం జరిగినవారికి తామూ చనిపోవాలన్న ఆలోచన వచ్చే ప్రమాదం ఎక్కువ. రెండో ఏడాది నాకూ వచ్చింది. దాచకుండా చెప్పగలిగిన చోటు అదొక్కటే. ఇద్దరు అదే రోజు నన్ను వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు.

ఒక్కో ఆత్మహత్య వెనుక ఆ మనిషి తెలిసినవారు సుమారు 135 మంది ఉంటారని 2018లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం అంచనా వేసింది. అమెరికా సెనేటరుగా పనిచేసిన హ్యారీ రీడ్ తండ్రి 1972లో ఇలాగే చనిపోయారు. రీడ్ చొరవతో 1999లో ఇలాంటి కుటుంబాల కోసం ఒక ప్రత్యేక దినం ఏర్పడింది. ఏటా నవంబరులో వచ్చే ఆ శనివారం మా గదిలో కుర్చీలు చాలవు.

మా అమ్మ రెండుసార్లు వచ్చి మానేసింది, తన వల్ల కాదంది. నేనూ బలవంతం చేయలేదు. అయితే నేను ఇంటికి వచ్చేదాకా మేలుకుని ఉంటుంది. ఒకప్పుడు మా ఇంట్లో వాడి పేరే వినిపించేది కాదు. ఇప్పుడు అన్నం వడ్డిస్తూ అడుగుతుంది, "ఈ రోజు తమ్ముడి గురించి ఏం చెప్పావు?" అని.