పెద్దమనుషుల పంచాయితీయా, కౌన్సెలింగా: ఏది మేలు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్ల నుంచి నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. భార్యాభర్తల మధ్య మాటలు ఆగిపోతే ముందు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాలా, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలా?

పెద్దల పంచాయితీని తీసిపారేయలేం. జీతం ఎవరి చేతికివ్వాలి, అత్తమామలకు నెలకెంత పంపాలి, వేరు కాపురం పెట్టాలా వద్దా లాంటివి వాళ్లు ఒక్క పూటలో తేల్చేస్తారు. ఖర్చు లేదు, మాట తప్పితే అడిగే దిక్కు ఉంటుంది. కానీ ఆ పెద్దలు ఎవరు? మేనమామే మామగారైన ఇంట్లో మధ్యవర్తి ఎవరి పక్షాన మాట్లాడినా చుట్టరికం దెబ్బతింటుంది. అందుకని అమ్మాయి అసలు బాధ బయటపెట్టదు. పెట్టినా అది నాలుగు రోజుల్లో ఇచ్ఛాపురం చుట్టాల దాకా పోతుంది.

నా దృష్టిలో అసలు తేడా ఇంకొకటి. పంచాయితీ అన్నాక తప్పెవరిదో చెప్పాల్సిందే. అందుకే ఇద్దరూ పాత తగువులన్నీ పోగేసుకుని వస్తారు. కౌన్సెలర్ తీర్పు చెప్పరు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వినాలి, విన్నది తిరిగి చెప్పాలి, "అవును, నేనన్నది అదే" అనిపించుకున్నాకే జవాబివ్వాలి. "మీరెప్పుడూ మీ అమ్మ మాటే వింటారు" అన్న భార్య, అక్కడ కాసేపు కూర్చున్నాక "మొన్న అత్తయ్య నన్ను అన్నప్పుడు మీరు ఫోన్ చూసుకుంటున్నారు, నాకెవరూ లేరనిపించింది" అనగలుగుతుంది. మొదటి మాటకు పోట్లాట తప్ప జవాబు లేదు. రెండోదానికి భర్త చేయగలిగింది ఉంది. దంపతుల సంభాషణలను దశాబ్దాలపాటు గమనించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, కాపురానికి అన్నిటికన్నా చేటు చేసేది చులకన అంటారు. నలుగురి ముందు తప్పు ఒప్పించే చోట పెరిగేది అదే.

అయితే కౌన్సెలింగ్‌కు ఓపిక కావాలి. వారానికోసారి గంట చొప్పున కొన్ని నెలలు పట్టొచ్చు. భాష కూడా చూసుకోవాలి. బజారులో ఒడియా ఎంత బాగా మాట్లాడినా, కోపమూ ఏడుపూ వచ్చేది తెలుగులోనే. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగంలో విచారించవచ్చు. తెలుగువారే కావాలంటే విశాఖ కౌన్సెలర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడవచ్చు.

ఫ్యామిలీ కోర్టు కూడా 1984 చట్టం ప్రకారం ముందు రాజీకే ప్రయత్నించాలి. కానీ అక్కడికి చేరేసరికి చాలామంది మనసులు విరిగిపోయి ఉంటాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు (14416) ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా మాట్లాడతారు. ఒంటరిగా టెన్షన్ పడేవారికి అది ఊరట.

చేయి చేసుకునే భర్త అయితే ఈ రెండూ వద్దు. అతని పక్కన కూర్చుని ఆమె నిజం చెప్పలేదు, చెప్తే ఇంటికెళ్లాక దెబ్బలు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడగాలి.

మిగతా ఇళ్లలో మాత్రం ముందు కౌన్సెలింగే. డబ్బు, వాటాల సంగతి తర్వాత పెద్దల ముందు పెట్టుకోవచ్చు. మీ ఆయన రానంటే మీరొక్కరే మొదలుపెట్టండి. మీరు మాట్లాడే తీరు మారాక, తర్వాతి వారం ఆయన్ని మళ్లీ అడగండి.