బడ్జీ మూడో ఆల్బమ్: వాద్యకారుల చెవికి ఎలా వినిపిస్తుంది?

వేల్స్‌లోని కార్డిఫ్ నగరానికి చెందిన బడ్జీ అనే బ్యాండ్ పేరు విన్నవారిలో చాలామందికి అది అమెరికా హెవీ మెటల్ బృందం మెటాలికా పుణ్యాన తెలిసిందే. ఆ బృందం 1987లో ఒక బడ్జీ పాటను, 1988లో మరొకదాన్ని తిరిగి వాయించి విడుదల చేయడంతో, అంతవరకూ పాత రికార్డులు వెతుక్కునేవారికే పరిమితమైన ఒక పేరు హెవీ మెటల్ అభిమానులందరి నోటా నానింది. మేలు జరిగిన మాట నిజమే కానీ, దానితోపాటు చిన్న అన్యాయం కూడా జరిగింది. బడ్జీని ఇంకొకరికి దారి చూపిన బృందంగా చెప్పుకోవడమే తప్ప, వారి రికార్డును దాని కోసమే మొదటి నుంచి చివరిదాకా వినేవారు తక్కువ. 1973లో వచ్చిన 'నెవర్ టర్న్ యువర్ బ్యాక్ ఆన్ ఎ ఫ్రెండ్' అలా వినవలసిన ఆల్బమ్.

వాయించినది ముగ్గురే. బర్క్ షెల్లీ పాడుతూ బేస్ గిటార్ (మంద్రస్వరాలు పలికే గిటార్) వాయిస్తాడు, టోనీ బోర్జ్ గిటార్, రే ఫిలిప్స్ డ్రమ్స్. మొదటి రెండు ఆల్బమ్‌లకు నిర్మాత రాడ్జర్ బెయిన్. ఇంగ్లండ్ హెవీ మెటల్ బృందం బ్లాక్ సబ్బాత్ తొలి మూడు ఆల్బమ్‌లకు ధ్వనిని దిద్దినవాడు ఆయనే. ఈ మూడోదానికి వచ్చేసరికి ఆ బాధ్యత బ్యాండే తీసుకుంది. ఆ మార్పు చెవికి స్పష్టంగా తెలుస్తుంది. బెయిన్ చేతిలో ఉన్న మందమైన, బురదలో నడిచినట్టుండే బరువు ఇక్కడ పలచబడింది. నాతో కలిసి విన్న ఒక డ్రమ్మర్ మిత్రుడికి ఇది నచ్చలేదు. డ్రమ్స్ వెనక్కి జరిగిపోయాయనీ, కాలితో వాయించే పెద్ద డ్రమ్ (కిక్) దెబ్బ గుండెకు తగలడం లేదనీ ఆయన ఫిర్యాదు. ఆ మాట కొంతవరకు ఒప్పుకోవలసిందే. అయితే బరువు తగ్గిన చోట ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలో ఒక్కొక్కరు ఏం చేస్తున్నారో విడివిడిగా వినిపిస్తుంది. వాయించడం తెలిసినవారికి ఈ రికార్డు ఎక్కువగా నచ్చడానికి అసలు కారణం అదే అనుకుంటాను.

తొలి పాట 'బ్రెడ్‌ఫ్యాన్' ఆరు నిమిషాల పాట, డబ్బు మీద యావ గురించి. ఎత్తుగడలోనే గిటార్ రిఫ్ (పాటంతా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుస) పరుగు అందుకుంటుంది. దీన్ని సాధన చేసిన ఏ గిటారిస్టును అడిగినా ఒకటే చెబుతారు: ఎడమ చేతికి ఇందులో పెద్ద పరీక్ష ఏమీ లేదు, అలసిపోయేది కుడి మణికట్టు. ఎక్కడా బిగుసుకోకుండా, తాళం కంటే వెంట్రుకవాసి కూడా ముందుకు తోసుకుపోకుండా అదే వేగాన్ని నిలబెట్టడమే కష్టం. మెటాలికా వాయించినప్పుడు రెండు గిటార్లు కలిసి దానికి గోడలాంటి దట్టతనాన్ని ఇచ్చాయి. బడ్జీలో ఉన్నది ఒకే గిటారిస్టు కాబట్టి రిఫ్ బక్కగా, ఎముకలు కనిపించేలా ఉంటుంది. దాని కింద బేస్ ఎక్కడ అంటిపెట్టుకుని నడుస్తోందో, ఎక్కడ కొద్దిగా ఎడంగా జరిగిందో పట్టుకోవచ్చు. పాట మధ్యలో ఈ పరుగంతా ఆగిపోయి మెత్తని, దాదాపు జోలపాటలాంటి భాగం ఒకటి వస్తుంది, ఆపైన మళ్లీ రిఫ్ విరుచుకుపడుతుంది. ఆ మెత్తని భాగం అవసరం లేదనే గిటారిస్టులు ఉన్నారు. అది లేకపోతే తిరిగివచ్చే రిఫ్‌కు ఇంత పదును ఉండేది కాదని నా అభిప్రాయం.

షెల్లీ గొంతు గురించి అందరూ ఒక మాట మీదికి రారు. సన్నగా, పైస్థాయిలో పలికే ఆ గొంతును కెనడా బృందం రష్‌లోని గెడ్డీ లీతో పోల్చడం మామూలే. ఆయన కూడా బేస్ వాయిస్తూ పాడేవాడే కాబట్టి పోలిక తేలికగా తడుతుంది. కానీ రష్ తొలి ఆల్బమ్ వచ్చింది 1974లో, అప్పటికే బడ్జీవి మూడు ఆల్బమ్‌లు బయటికి వచ్చేశాయి. గొంతు నచ్చడం నచ్చకపోవడం ఎవరి చెవిని బట్టి వారికి. బేస్ వాయించే ఒక స్నేహితురాలు మాత్రం అంతకంటే ముఖ్యమైన సంగతిని పట్టుకుంది. గిటార్ వాయిస్తూ పాడేవారు పాడే చోట తీగలు మీటడం తేలిక చేసుకుంటారు, షెల్లీకి ఆ వెసులుబాటు లేదు. బోర్జ్ సోలోకు, అంటే ఒంటరిగా ముందుకొచ్చి వాయించే భాగానికి, వెళ్లినప్పుడు పాటను మోసేది బేస్ ఒక్కటే కాబట్టి, ఆయన గొంతు ఎటు పోయినా వేళ్లు తాళాన్ని వదలకూడదు. ఈ మాట విన్న తరువాత 'ఇన్ ద గ్రిప్ ఆఫ్ ఎ టైర్‌ఫిటర్స్ హ్యాండ్' వింటే, ఆ ఊగే నడక ఎవరి చేతిలో ఉందో తేటతెల్లమవుతుంది. (ఇలాంటి పేర్లు పెట్టడంలో ఈ ముగ్గురికీ ఎక్కడలేని సరదా, పేరు చూసి పాటను అంచనా వేయడం వృథా.)

'బేబీ ప్లీజ్ డోంట్ గో' బిగ్ జో విలియమ్స్ 1935లో రికార్డు చేసిన పాత బ్లూస్ పాట. ఎందరో పాడారు. బడ్జీ దాన్ని ఒక రిఫ్ చుట్టూ బిగించి లాగింది. వినడానికి హుషారుగా ఉంటుంది, అంతకుమించి చెప్పవలసింది లేదు. దాదాపు తొమ్మిది నిమిషాల 'యు ఆర్ ద బిగ్గెస్ట్ థింగ్ సిన్స్ పౌడర్డ్ మిల్క్' డ్రమ్ సోలోతో మొదలవుతుంది. స్టేజీ మీద డ్రమ్ సోలో చూడటానికి బాగుంటుంది కానీ రికార్డులో, అదీ పాట ముందు, శ్రోత సహనాన్ని పరీక్షిస్తుంది. పైన చెప్పిన డ్రమ్మర్ మిత్రుడు సైతం దీన్ని సమర్థించడానికి ముందుకు రాలేదు. అసలు పాట అందుకున్నాక మాత్రం ముగ్గురూ ఒకరినొకరు వింటూ వాయించడం గమనించదగినది. కరెంటుతో పనిలేని గిటార్‌తో వాయించిన రెండు చిన్న అకౌస్టిక్ పాటలు, 'యు నో ఐల్ ఆల్వేస్ లవ్ యు', 'రైడింగ్ మై నైట్‌మేర్', ఒక్కొక్కటీ మూడు నిమిషాల లోపే ముగుస్తాయి. వాటిని విడిగా వినాలనిపించదు.

చివరిది, పది నిమిషాలకు పైగా సాగే 'పేరెంట్స్', ఈ ఆల్బమ్‌కు ప్రాణం. చిన్నప్పుడు అమ్మానాన్నలు చెప్పిన జాగ్రత్తలను పెద్దయ్యాక తలచుకునే పాట ఇది. హెవీ రాక్ అనగానే ఇంట్లోవారిని ధిక్కరించే కుర్రతనం గుర్తుకువచ్చే రోజుల్లో, ఇంకా ఇరవైల్లోనే ఉన్న ఒక గాయకుడు వారు చెప్పింది నిజమేనని ఇంత నెమ్మదిగా, వెటకారం లేకుండా ఒప్పుకోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. షెల్లీ గొంతులోని సన్నదనం వేగపు పాటల్లో కొందరికి కీచుమన్నట్టు ఉండవచ్చు, ఇక్కడ అదే గొంతు బేలగా, మనిషి గొంతులా వినిపిస్తుంది. బోర్జ్ సోలోలు కూడా వేగం చూపించుకోవడానికి వాయించినవి కావు. ఒక స్వరాన్ని సాగదీసి, దాన్ని పూర్తిగా పలకనిచ్చి, ఆ తరువాతే ఇంకొక స్వరానికి జరుగుతాడు. కొత్తగా నేర్చుకునే గిటారిస్టులు ముందు 'బ్రెడ్‌ఫ్యాన్' మీద పడతారు. వారికి ఎక్కువ నేర్పగలిగేది ఈ పాట, ఎందుకంటే ఎక్కడ ఆగాలో ఇందులో వినవచ్చు.

రోజర్ డీన్ గీసిన ముఖచిత్రాన్ని చూసి ఏదో ఊహాలోకపు ప్రోగ్రెసివ్ రాక్ అనుకుని కొనేవారు కొంత నిరాశపడవచ్చు. సంగీతం నేల మీదే నడుస్తుంది. ఫోన్ స్పీకర్‌లో వింటే బేస్ మాయమైపోయి ఆల్బమ్ సగం చచ్చిపోతుంది కాబట్టి, కాస్త మంచి స్పీకర్లు గానీ హెడ్‌ఫోన్లు గానీ తప్పనిసరి. ఈ ఆల్బమ్ తరువాత ఫిలిప్స్ తప్పుకున్నాడు. 1974 నాటి 'ఇన్ ఫర్ ద కిల్' కోసం డ్రమ్స్ ముందు పీట్ బూట్ కూర్చున్నాడు. షెల్లీ 2022 జనవరిలో 71 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. వేగపు పాటలు నచ్చినవారు ఇక్కడి నుంచి ఆ 1974 ఆల్బమ్‌కు వెళ్లవచ్చు. 'పేరెంట్స్' దగ్గర ఆగిపోయినవారు దాన్ని దాటి, స్టీవ్ విలియమ్స్ డ్రమ్స్ వాయించిన 1975 నాటి 'బ్యాండోలియర్' వినడం మేలు.